బాణీ నల్లవాళ్ళది, పేరు సరుకుది
అమెరికా రేడియో తొలి రోజుల్లో స్పాన్సర్ ఆర్కెస్ట్రాలు

ఒక కళ ఎవరి చేతుల్లో పుట్టింది, ఎవరి పేరు మీద చలామణి అయింది అనే ప్రశ్న వేసుకోకుండా ఏ కళ చరిత్రనీ చదవకూడదని మేము అనుకుంటున్నాం. కళాకారుడి ప్రతిభ గురించీ, రసికుల అభిరుచి గురించీ పుస్తకాలు చాలా ఉన్నాయి. డబ్బు ఎవరు పెట్టారు, పెట్టినవాడు ఎవర్ని లోపలికి రానిచ్చాడు, ఎవర్ని గడప దగ్గరే నిలబెట్టాడు అనే సంగతి మాత్రం ఎక్కడో ఒక మూల ఉంటుంది. 1920, 30లలో అమెరికా రేడియోలో నడిచిన డాన్స్ ఆర్కెస్ట్రాల చరిత్ర ఈ సంగతిని చాలా స్పష్టంగా చూపిస్తుంది. జాజ్ సంగీతాన్ని పుట్టించింది నల్లవాళ్ళు. ఆ సంగీతంతో సరుకులు అమ్ముకున్న పెద్ద కంపెనీలు మాత్రం చాలా ఏళ్ళ పాటు తమ పేరుని నల్ల ఆర్కెస్ట్రా పక్కన పెట్టుకోవటానికి వెనకాడాయి. ఎవరో కొందరు చెడ్డవాళ్ళు ఉండటం వల్ల ఇట్లా జరిగిందా? కాదు. అది రేడియోకి డబ్బు వచ్చే ఏర్పాటులోనే ఉంది. ఆ ఏర్పాటుని విప్పి చూడటమే ఈ వ్యాసం పని.

గాలిలో మాటకి కూలి ఎవరివ్వాలి?

1920లో పిట్స్‌బర్గ్‌లో కె.డి.కె.ఎ. స్టేషన్ మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి అమెరికాలో వందల స్టేషన్లు లేచాయి. రేడియో సెట్లు తయారుచేసే కంపెనీలు, దుకాణాలు, పత్రికలు, కాలేజీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు స్టేషన్లు పెట్టారు. కానీ ఒక చిక్కు వచ్చింది. సినిమాకైతే టికెట్టు ఉంటుంది, పత్రికకైతే చందా ఉంటుంది. గాల్లో పోయే పాటకి వినేవాడి దగ్గర డబ్బు ఎట్లా వసూలు చెయ్యాలి? బ్రిటన్ సెట్టుకి లైసెన్సు ఫీజు పెట్టింది. అమెరికా ఆ దారి పట్టలేదు.

న్యూయార్క్‌లో ఎ.టి. అండ్ టి. అనే టెలిఫోన్ కంపెనీ 1922లో డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. స్టేషన్ పెట్టి, టెలిఫోన్ వ్యాపారంలో తనకి తెలిసిన పద్ధతినే ఇక్కడ వాడింది. టెలిఫోన్‌లో మాట్లాడేవాడు డబ్బు కడతాడు కదా, రేడియోలో కూడా మాట్లాడేవాడే కట్టాలి. కట్టినవాడికి గడియారం చూసి సమయం అమ్ముతారు. ఆ ఏడు ఆగస్టు 28న ఒక స్థిరాస్తి కంపెనీ డబ్బు కట్టి, జాక్సన్ హైట్స్‌లో తాను కట్టిన అపార్ట్‌మెంట్ల గురించి ఉపన్యాసం ఇప్పించింది. డబ్బు తీసుకుని ప్రసారం చేసిన మొదటి ప్రకటనగా చరిత్రకారులు దీన్నే చెబుతారు.

అయితే ఇళ్ళలోకి చొరబడి సరుకులు అమ్మటం మర్యాద కాదనే అభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది. వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ కూడా రేడియోని ప్రకటనల గోలలో ముంచెయ్యటాన్ని ఊహించలేమని 1922లోనే అన్నాడు. అందుకని డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. వాళ్ళు నేరుగా అమ్మకం మాటలు చెప్పనిచ్చేవాళ్ళు కాదు. ధర చెప్పొద్దు, సరుకు గొప్పతనం చెప్పొద్దు. మరి డబ్బు కట్టినవాడికి మిగిలేదేమిటి? పేరు. ఆ పేరు పదేపదే వినిపించటానికి దొరికిన ఉపాయమే డాన్స్ ఆర్కెస్ట్రా.

పేరే ప్రకటన

1923లో బ్రౌనింగ్ కింగ్ అనే బట్టల కంపెనీ ఒక ఆర్కెస్ట్రాని రేడియోలోకి తెచ్చింది. దాని పేరే బ్రౌనింగ్ కింగ్ ఆర్కెస్ట్రా. అనౌన్సర్ ఆ పేరు ఎన్నిసార్లయినా చెప్పొచ్చు, ఆ కంపెనీ బట్టలు అమ్ముతుందని మాత్రం చెప్పకూడదు. ఆ తర్వాత వరస మొదలైంది. క్లికో క్లబ్ అనే జింజర్ ఏల్ కంపెనీకి 'క్లికో క్లబ్ ఎస్కిమోస్', టూత్‌పేస్ట్ కంపెనీకి 'ఇపానా ట్రూబడోర్స్', ఎ. అండ్ పి. అనే కిరాణా దుకాణాల గొలుసుకి 'ఎ. అండ్ పి. జిప్సీస్', గుడ్‌రిచ్ టైర్లకి 'సిల్వర్‌టౌన్ ఆర్కెస్ట్రా'. 1928లో సిగరెట్ కంపెనీ 'లక్కీ స్ట్రైక్ డాన్స్ ఆర్కెస్ట్రా'తో వచ్చింది.

ఈ పేర్ల దగ్గర కాస్త ఆగి చూడాలి. క్లికో ఎస్కిమోలు ఎస్కిమోలు కారు, హారీ రేజర్ అనే బాంజో వాద్యకారుడి కింద వాయించే తెల్లవాళ్ళు. ఎ. అండ్ పి. జిప్సీలని నడిపింది హారీ హార్లిక్. ఆ దుకాణాలకీ జిప్సీలకీ ఏ సంబంధమూ లేదు. ఎస్కిమో, జిప్సీ అనేవి పైవాళ్ళు పెట్టిన పేర్లు. ఆ జనాలు ఇవాళ తమని ఇన్యుయిట్ అనీ రోమా అనీ చెప్పుకుంటారు. చల్లటి పానీయం అమ్మటానికి ఒక జాతి పేరు, బొచ్చు కోట్లు తొడుక్కుని ఫోటోలు! అంటే అణగారిన జాతుల వేషానికి రేడియోలో గిరాకీ మొదటి నుంచీ ఉంది. ఆ జాతుల మనుషులకి మాత్రం లేదు.

ఈ పద్ధతిలో తెల్ల కళాకారుడు కూడా కొంత పోగొట్టుకున్నాడు. సిల్వర్‌టౌన్ ఆర్కెస్ట్రాలో పాడిన జోసెఫ్ వైట్‌ని శ్రోతలకి 'సిల్వర్ మాస్క్‌డ్ టెనర్' అనే పరిచయం చేశారు. జనం ముందుకి వచ్చినప్పుడు ముఖానికి వెండి ముసుగు వేసుకుని వచ్చేవాడు. మనిషికి పేరుంటే రేపు జీతం పెంచమంటాడు, ఇంకో కంపెనీకి పోతాడు. ముసుగుకి ఆ బాధ లేదు, అది కంపెనీ ఆస్తి. అయినా ముసుగు వెనక ఉన్నవాడికి జీతం అందింది. ముసుగు వేసుకునే అవకాశం కూడా దొరకనివాళ్ళ సంగతి ఇప్పుడు చూద్దాం.

గాల్లో ఉన్నారు, జీతంలో లేరు

1926లో ఆర్.సి.ఎ. కంపెనీ డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్.ని 10 లక్షల డాలర్లకి కొన్నది. అదే ఏడు నవంబరులో ఎన్.బి.సి. నెట్‌వర్క్ మొదలైంది. మరుసటి ఏడు సి.బి.ఎస్. వచ్చింది. ఒక స్టూడియోలో వాయించింది టెలిఫోన్ తీగల మీద దేశమంతా పోయేది. ఈ నెట్‌వర్కుల్లో రెండు రకాల కార్యక్రమాలు ఉండేవి. ఒకటి స్పాన్సర్ కార్యక్రమం. కంపెనీ డబ్బు కడుతుంది, ఆర్కెస్ట్రాకి మంచి జీతం, ప్రతి వారం ఒకే రోజు ఒకే సమయం, అదీ జనం ఇంట్లో కూర్చుని వినే సాయంత్రపు వేళ. రెండోది 'సస్టెయినింగ్' కార్యక్రమం. అమ్ముడుపోని సమయాన్ని నెట్‌వర్క్ తానే నింపుకోవటం అన్నమాట. అర్ధరాత్రి దగ్గర పడ్డాక ఏదో ఒక హోటల్‌కో క్లబ్బుకో టెలిఫోన్ తీగ లాగి, అక్కడ వాయిస్తున్నది వాయిస్తున్నట్టే ప్రసారం చేసేవాళ్ళు. స్టేషన్‌కి ఖర్చు తక్కువ, క్లబ్బుకి ప్రచారం. ఆర్కెస్ట్రాకి పేరు వస్తుంది, స్పాన్సర్ డబ్బు రాదు.

నల్ల ఆర్కెస్ట్రాలు రేడియోలో లేవనుకుంటే పొరపాటు. ఫ్లెచర్ హెండర్సన్ జార్జియాలో పుట్టి, అట్లాంటా యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చదివి, 1920లో న్యూయార్క్ వచ్చి సంగీతంలో స్థిరపడ్డాడు. 1924 నుంచి అతని ఆర్కెస్ట్రా రోజ్‌లాండ్ డాన్స్ హాల్‌లో వాయించింది, అక్కణ్ణించి ప్రసారమైంది. వాయించేది నల్లవాళ్ళు, నాట్యం చేసేది తెల్లవాళ్ళు. 1927 డిసెంబర్ 4న డ్యూక్ ఎల్లింగ్టన్ హార్లెంలోని కాటన్ క్లబ్‌లో చేరాడు. అతని సంగీతం 1929 నాటికి సి.బి.ఎస్. ద్వారా దేశమంతా వినిపించింది. హార్లెం నల్లవాళ్ళ పేట. ఆ పేట నడిబొడ్డున ఉన్న కాటన్ క్లబ్‌లో వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర తెల్లవాళ్ళు. కులమూ జాతీ ఒకటే అని మేము అనటం లేదు. కానీ డప్పు చప్పుడు ఊరంతటికీ కావాలి, డప్పు కొట్టే మనిషి ఊరి బయట ఉండాలి అనే న్యాయం తెలిసిన పాఠకులకి కాటన్ క్లబ్ గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు.

ఇంతకీ స్పాన్సర్లు ఎందుకు రాలేదు? కారణం లెక్కల పుస్తకంలో ఉంది. జాతీయ కంపెనీ దేశమంతా సరుకు అమ్ముతుంది. నల్ల ఆర్కెస్ట్రా పక్కన తన పేరు వినిపిస్తే దక్షిణాది తెల్ల కొనుగోలుదారులు సరుకు మానేస్తారని, దక్షిణాది స్టేషన్లు కార్యక్రమం వేసుకోవని దానికి భయం. అంటే జాతి ద్వేషాన్ని కంపెనీ కొత్తగా పుట్టించనక్కర్లేదు. ఉన్నదాన్ని మార్కెట్ అభిరుచి అని పిలిస్తే చాలు. దీనికి తోడు నెట్‌వర్కుల, పెద్ద స్టేషన్ల సొంత ఆర్కెస్ట్రాల్లో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. వాద్యకారుల యూనియన్ కూడా చాలా నగరాల్లో జాతి వారీగా చీలి ఉండేది. షికాగోలో తెల్లవాళ్ళకి లోకల్ 10, నల్లవాళ్ళకి లోకల్ 208. ఆ రెండూ కలిసింది 1966లో! కార్మిక సంఘంలో కూడా రెండు గ్లాసులే.

ఇదే కాలంలో ఇంకో వింత చూడండి. ఇద్దరు తెల్ల నటులు నల్లవాళ్ళ యాసని అనుకరిస్తూ నడిపిన 'ఏమాస్ అండ్ ఆండీ' 1929లో ఎన్.బి.సి.కి వచ్చింది. దానికి పెప్సోడెంట్ టూత్‌పేస్ట్ స్పాన్సర్. 1931లో 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవాళ్ళ పత్రిక దానికి వ్యతిరేకంగా సంతకాల ఉద్యమం నడిపింది. నల్ల గొంతు వేషానికి స్పాన్సర్ దొరికాడు. నిజమైన నల్ల ఆర్కెస్ట్రా అర్ధరాత్రి తీగ మీదే ఉండిపోయింది.

మనిషి వద్దు, కాగితం కావాలి

1934 డిసెంబర్‌లో నేషనల్ బిస్కెట్ కంపెనీ స్పాన్సర్‌గా ఎన్.బి.సి.లో 'లెట్స్ డాన్స్' మొదలైంది. శనివారం రాత్రి మూడు ఆర్కెస్ట్రాలు వంతులవారీగా వాయించేవి. అందులో ఒకటి బెన్నీ గుడ్‌మన్‌ది. షికాగోలో పేద యూదు వలస కుటుంబంలో పుట్టినవాడు. ప్రతి వారం కొత్త అరేంజ్‌మెంట్లు కావాలి. అరేంజ్‌మెంట్ అంటే ఏ వాద్యం ఎప్పుడు అందుకోవాలి, ఎవరు ఆగాలి, ఎవరికి ఎవరు జవాబు చెప్పాలి అనేది కాగితం మీద రాసిన పొందిక. డాన్స్ ఆర్కెస్ట్రాకి అదే ప్రాణం. అవి కొనటానికి కార్యక్రమం బడ్జెట్‌లో డబ్బుంది. సరిగ్గా అప్పుడే ఫ్లెచర్ హెండర్సన్ ఆర్కెస్ట్రా నడవలేక విడిపోయింది. గుడ్‌మన్ హెండర్సన్ దగ్గర అరేంజ్‌మెంట్లు కొన్నాడు.

1935 మే నెలలో బిస్కెట్ ఫ్యాక్టరీలో సమ్మె వల్ల కార్యక్రమం ఆగిపోయింది. కానీ పని అప్పటికే జరిగిపోయింది. తూర్పు తీరంలో జనం నిద్రపోయే వేళకి వచ్చిన సంగీతం, గంటల తేడా వల్ల పశ్చిమ తీరంలో యువతకి సరైన వేళకి చేరింది. ఆ ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్ పాలోమార్ హాల్‌లో గుడ్‌మన్‌కి జనం బ్రహ్మరథం పట్టారు. స్వింగ్ యుగం అక్కడ మొదలైందని పుస్తకాలు రాస్తాయి. గుడ్‌మన్ పేరు తెచ్చుకున్న 'కింగ్ పోర్టర్ స్టాంప్' కట్టింది జెల్లీ రోల్ మార్టన్, పొందిక హెండర్సన్‌ది. పత్రికలు కిరీటం పెట్టింది గుడ్‌మన్‌కి.

ఇక్కడ గుడ్‌మన్‌ని దొంగ అనటం తేలిక, కానీ అది న్యాయం కాదు. అతను హెండర్సన్ రుణాన్ని బాహాటంగా ఒప్పుకున్నాడు. 1936 నాటికి టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అనే నల్ల వాద్యకారుల్ని తన పక్కన కూర్చోబెట్టాడు. దాని కోసం విమర్శలూ భరించాడు. మేము అడిగేది వేరే. ఒకే కాగితం, ఒకే బాణీ. హెండర్సన్ ఆర్కెస్ట్రా వాయిస్తే దానికి స్పాన్సర్ లేడు, గుడ్‌మన్ ఆర్కెస్ట్రా వాయిస్తే ఉన్నాడు. మరి స్పాన్సర్ కొన్నది సంగీతాన్నా, వాయించేవాడి చర్మాన్నా?

1937లో ఫ్లైష్‌మన్ ఈస్ట్ కంపెనీ కార్యక్రమానికి, రూడీ వాలీ సెలవులో ఉన్నప్పుడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యాఖ్యాతగా వచ్చాడు. జాతీయ స్పాన్సర్ కార్యక్రమాన్ని నల్లవాడు నడపటం అదే మొదలు. అది కొద్ది నెలలే, అదీ మరొకరి బదులు.

కొనేవాడు నల్లవాడైతే

ఇంకో దారి కింద నుంచి వచ్చింది. 1929 నవంబరులో జాక్ కూపర్ షికాగోలో డబ్ల్యు.ఎస్.బి.సి. అనే చిన్న స్టేషన్‌లో 'ఆల్ నీగ్రో అవర్' మొదలుపెట్టాడు. తర్వాత స్టేషన్ల దగ్గర సమయాన్ని తానే కొని, ప్రకటనలు తానే తెచ్చుకునే వ్యాపారం నిర్మించాడు. 1941లో ఆర్కన్సా రాష్ట్రం హెలెనాలో కె.ఎఫ్.ఎఫ్.ఎ. స్టేషన్‌లో 'కింగ్ బిస్కెట్ టైం' వచ్చింది. స్పాన్సర్ ఒక పిండి వ్యాపారి. వాయించేది సనీ బాయ్ విలియమ్సన్, రాబర్ట్ లాక్‌వుడ్. మధ్యాహ్నం పూట పావుగంట. పత్తి చేలల్లో పనిచేసే నల్ల కూలీలు అన్నం వేళకి విరామంలో విన్నారు, ఆ పిండే కొన్నారు. చివరికి మొక్కజొన్న పిండి సంచీ మీద సనీ బాయ్ పేరూ బొమ్మా ఎక్కాయి. బ్రౌనింగ్ కింగ్ కాలంలో ఆర్కెస్ట్రాకి సరుకు పేరు పెట్టారు. ఇక్కడ సరుకుకి నల్ల కళాకారుడి పేరు పెట్టారు. 1948లో మెంఫిస్‌లో డబ్ల్యు.డి.ఐ.ఎ. స్టేషన్ ఇదే లెక్కతో నల్ల శ్రోతల వైపు తిరిగింది. బి.బి. కింగ్ అక్కడే ఒక టానిక్కు ప్రకటన పాడి గుర్తింపు తెచ్చుకున్నాడు.

దీన్ని విముక్తి అనుకోనక్కర్లేదు. హెలెనాలో పిండి వ్యాపారమూ, మెంఫిస్‌లో స్టేషనూ తెల్లవాళ్ళవే. స్పాన్సర్ మనసు మారలేదు, లెక్క మారింది. జాతీయ స్థాయిలో ఆ లెక్క కూడా చాలా కాలం మారలేదు. 1956లో ఎన్.బి.సి. టెలివిజన్‌లో వచ్చిన నాట్ కింగ్ కోల్ కార్యక్రమం జాతీయ స్పాన్సర్ దొరకక 1957 డిసెంబర్‌లో ఆగిపోయింది.

మేము చెప్పదలచుకున్నది ఇదీ. మా కళ గొప్పదని ఒప్పించుకోగానే పని అయిపోదు. జాజ్ గొప్పదని అమెరికా 1930లలోనే ఒప్పుకుంది, చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు హెండర్సన్ ఆర్కెస్ట్రాని నిలబెట్టలేదు. కళని మెచ్చుకోవటం వేరు, కళాకారుడికి సమయమూ జీతమూ పేరూ ఇవ్వటం వేరు. మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వకుండా ఉండటానికి ఆధిపత్య వర్గాలకి ద్వేషం కూడా అక్కర్లేదు, ఒక ఖర్చుల పద్దు చాలు. అందుకే ఏ వేదిక మీద ఎవరి పాట విన్నా, దానికి డబ్బు కట్టినవాడెవడు, ఆ డబ్బు ఎవరి దాకా వచ్చి ఆగింది అని అడగటం విద్యార్థులూ కార్యకర్తలూ అలవాటు చేసుకోవాలి.