కాపలా కుక్కకు ఏమి తిండి పెట్టాలి?



ఎద్దుకు తవుడెంత, పాడిగేదెకు పచ్చిమేత ఎంత అని మనం లెక్క చూసుకుంటాం. కోళ్ళకు సైతం దాణా కొలిచి వేస్తాం. కాని రాత్రంతా కళ్ళం దగ్గరా, మంద దగ్గరా మేలుకొని ఉండే కుక్క సంగతి వచ్చేసరికి, "దానికేముంది, మిగిలింది పడేస్తే తింటుంది" అంటాం. తింటుంది, నిజమే. ఆ తిండితో ఒంట్లో సత్తువ నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

కుక్క తోడేలు జాతిది. అయితే వేలయేండ్లుగా మనిషి పంచన బ్రతికింది కనుక దాని కడుపు కొంత మారింది. పిండిపదార్థాలను అరిగించే జన్యువు తోడేలులో కంటె కుక్కలో ఎక్కువ ప్రతులుగా ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో వెల్లడించారు. కాబట్టి అన్నమూ, సంకటీ కుక్కకు పడవు అనడం పొరపాటు. మెత్తగా ఉడికించి పెడితే చక్కగా అరిగించుకుంటుంది. కాని ఒక్క సంకటితోనే సరిపెడదామంటే మాత్రం కుదరదు.

ఎందుకు కుదరదో మన హైదరాబాదులోనే ఋజువయింది. జొన్నలు తప్ప మరొకటి దొరకని పేదలకు ఆ రోజుల్లో పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పెచ్చులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ బెలవాడి జొన్న ప్రధానంగా గల ఆహారాన్ని కుక్కలకు పెట్టి చూచి, ఫలితాన్ని 1965లో ప్రకటించారు. ఆ కుక్కలకు నల్లనాలుక జబ్బు వచ్చింది. మనిషికి పెల్లగ్రా ఎటువంటిదో, కుక్కకు నల్లనాలుక అటువంటిది. నోరు పుండవుతుంది, చొంగ కారుతుంది, తిండి మానేస్తుంది. నియాసిన్ అనే విటమిను చాలకపోతే ఇలా అవుతుంది. ఆ విటమినుతో కుక్కలలో ఈ జబ్బు నయమవుతుందని అమెరికాలో ఎల్వెహ్యెమ్ 1937లోనే చూపించాడు. జొన్న చెడ్డదని నేననడం లేదు. జొన్న ఒక్కటే చాలదంటున్నాను.

ఇటువంటిదే ఇంకొక సంగతి. ఇంగ్లండులో మెలన్‌బీ అనే ఆయన 1919 ప్రాంతంలో కుక్కపిల్లలను ఇంట్లోనే ఉంచి, ధాన్యపు జావ వంటి తిండితో పెంచి చూశాడు. వాటి కాళ్ళు వంకరపోయాయి. కాడ్ చేప నూనె ఇచ్చిన పిల్లలకు ఆ బాధ రాలేదు. డి విటమిను సంగతి బయటపడడానికి ఆ పని ఎంతో తోడ్పడింది. ఎండలో తిరిగితే మన చర్మంలో ఈ విటమిను తయారవుతుంది. కుక్కకు ఆ వీలు చాలా తక్కువ, తిండిలోనే రావాలి. గ్రుడ్డులోని పచ్చసొన, చేపలు, కార్జం ఇందుకు పనికివస్తాయి.

మరి ఎంత పెట్టాలి? ఇరవై కిలోల బరువున్న, ఎదిగిన కుక్కను తీసుకుందాం. దానికి రోజుకు సుమారు వెయ్యి నుంచి పన్నెండువందల క్యాలరీలు కావాలి. నూకలుగాని, జొన్నపిండిగాని, రాగిపిండిగాని 150 గ్రాములు, కందిపప్పో పెసరపప్పో 50 గ్రాములు, గ్రుడ్లు రెండు, మాంసపు తునకలు లేదా చేప 100 గ్రాములు, ఒక చెంచా నూనె. ఇవన్నీ ఉడికించి రెండు పూటలకు పంచిపెట్టండి. గుమ్మడిముక్కో, గుప్పెడు ఆకుకూరో వేస్తే మంచిదే. కోడిమాంసం అంగళ్ళలో కందనకాయలు, కాళ్ళు చవకగా దొరుకుతాయి. ఉడికించి, కాళ్ళలోని ఎముకలు తీసివేసి పెట్టవచ్చు. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

సున్నం సంగతి మరవకండి. మాంసంలో భాస్వరం హెచ్చు, సున్నం బహు తక్కువ. అందువల్ల వట్టి మాంసం పెట్టినా కుక్క ఎముకలు బలహీనపడతాయి. గ్రుడ్డు పెంకులు పారవేయకుండా మరిగించి, ఆరబెట్టి, మెత్తగా పొడిచేసి, రోజూ అర చెంచా తిండిలో కలపండి. రాగుల్లో బియ్యంలో కంటె సున్నం ఎన్నో రెట్లు ఎక్కువ కనుక వారంలో కొన్నాళ్ళు రాగిసంకటి మేలు.

కొలత సరిపోయిందో లేదో కుక్క ఒళ్ళే చెబుతుంది. ప్రక్కటెముకలు చేతికి తెలియాలి గాని దూరాన్నుంచి లెక్కపెట్టేటట్లు ఉండకూడదు. తడిమినా తెలియకపోతే తిండి తగ్గించండి. రాత్రంతా మంద వెంట తిరిగే దానికి కొంత పెంచండి. పాలిచ్చే తల్లికి మామూలు తిండికి రెండింతలు, ఒక్కొక్కప్పుడు మూడింతలు కావాలి. పిల్లలకు మూడు నాలుగు వారాల వయసునుంచి మెత్తని తిండి అలవాటు చేసి, మూడు నెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు పెట్టాలి. సంచుల్లో అమ్మే తిండి కొనేవారు అది ఏ వయసు కుక్కకో, సంపూర్ణాహారమో కాదో పైన వ్రాసినది చదివి తీసుకోండి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. మాంసం పెట్టమన్నాను కదా అని గొర్రెను కోసినప్పుడు పనికిరాని ఊపిరితిత్తులు, కార్జం, తలకాయ పచ్చిగా కుక్కకు విసరకండి. మందలో గొర్రె తల ఒకవైపు వాల్చి గిర్రున తిరగడం మీలో చాలామంది చూచేవుంటారు. దాని మెదడులో నీటితిత్తి పెరుగుతూ ఉంటుంది. ఆ గొర్రె చచ్చాక తలకాయను కుక్క తింటే, ఆ తిత్తిలోనివి కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. పురుగుల గ్రుడ్లు కుక్క మలంతో గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసి మరో గొర్రె తిరగడం మొదలుపెడుతుంది. అంటే మందను కాయవలసిన కుక్కచేతనే మందకు జబ్బు అంటిస్తున్నామన్నమాట!

కార్జంలోను, ఊపిరితిత్తులలోను ఉండే నీటితిత్తుల వల్ల వచ్చే మరొక పురుగు ఇంకా ప్రమాదకరం. దాని గ్రుడ్లు కుక్క బొచ్చుకు అంటి, పిల్లల చేతికి, చేతినుంచి నోటికి పోతాయి. అప్పుడు మనిషి కార్జంలోనే తిత్తులు పెరుగుతాయి. ఏండ్ల తరబడి బయటపడదు, బయటపడేసరికి ఆపరేషను దాకా రావచ్చు. కనుక తిత్తులున్న భాగాలను కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చిపెట్టండి, లేదా కాల్చివేయండి. మిగతా మాంసాన్ని ముప్పావుగంట బాగా మరిగించాకనే పెట్టండి. కుక్క బరువునుబట్టి పురుగుల మందు పశువైద్యుని అడిగి వేయించండి.

పెట్టకూడనివి మరికొన్ని ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క రక్తకణాలను చెరుస్తాయి. అందుచేత మిగిలిన పులుసు, ఆవకాయ కలిపిన అన్నం వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాకొలెట్టు విషమే. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. పాలు కొన్నిటికి విరేచనం చేస్తాయి, పెరుగు మేలు. మంచినీళ్ళు ఎల్లవేళలా అందుబాటులో ఉంచండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. జీవాలకు మందు త్రాగించడానికి మందల దగ్గరకు వెళ్ళినప్పుడు, "మీ కుక్క ఏమి తింటున్నది?" అని ఒక్కమాట అడగండి. మంద ఆరోగ్యం సగం ఆ జవాబులోనే తెలుస్తుంది.

సోదరులారా! సంకటికి తోడు గ్రుడ్డో మాంసమో కలపండి, పెట్టేదేదైనా ఉడికించి పెట్టండి, పచ్చి తలకాయ విసరకండి. ఈ మూడూ గుర్తుంచుకుంటే కుక్కా బాగుంటుంది, మందా బాగుంటుంది, ఇంట్లో పిల్లలూ బాగుంటారు.