రెప్పపాటులో పన్నెండు బొమ్మలు

థాంక్స్‌గివింగ్ మరునాటి తగ్గింపు ధరల ప్రకటనలలో మానిటర్ల పుటను తిరగవేసిన తల్లిదండ్రులకు కలిగే మొదటి సందేహం ఒకటే. చూపుకు ఒకే తీరున ఉన్న రెండు తెరలలో ఒకదాని వెల రెండవదానికి రెండు మూడు రెట్లు ఎందుకు? పిల్లవాడిని అడిగితే "దీనికి 360 హెర్ట్జ్ ఉంది నాన్నా" అంటాడు. అది నిజమే. అయితే ఆ సంఖ్యకు అంత వెల చెల్లించవలసిన అవసరం ఆ ఇంట ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. దీనిని పిల్లల ఆటల గొడవ అని తోసివేయడానికీ వీలులేదు. 2014లో చికాగోలోని రాబర్ట్ మోరిస్ విశ్వవిద్యాలయం ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ ఆడే విద్యార్థులకు ఉపకార వేతనాలు ప్రకటించింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఇటువంటి ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు.

తెరపై కదలిక అనేది నిజానికి లేదు. కదలని బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉంటే కదలికను కల్పించుకునేది మన మెదడు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చాలు. మానిటరు సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదో ఆ సంఖ్యనే హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్ తెరపై బొమ్మకూ బొమ్మకూ నడుమ ఎడం 16.7 మిల్లీసెకన్లు, 144 వద్ద 6.9, 240 వద్ద 4.2, 360 వద్ద 2.8. రెప్పపాటును సెకనులో పదోవంతుగా లెక్కగడితే, ఆ కాస్త వ్యవధిలో 120 హెర్ట్జ్ తెర పన్నెండు బొమ్మలు చూపుతుందన్నమాట.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడాలి. 60 నుండి 144కు మారితే ఎడం దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గుతుంది. 240 నుండి 360కి మారితే తగ్గేది ఒకటిన్నర మిల్లీసెకన్లు కూడా కాదు. హెర్ట్జ్‌లు పెరిగిన కొద్దీ వెల పెరుగుతుంది, లాభం తరుగుతుంది. మొదటి మెట్టు ఎక్కడమే పెద్ద లాభం. పై మెట్లు వృత్తిగా ఆడేవారి కోసం.

కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికే సెకనులో ఐదోవంతు, అంటే 200 మిల్లీసెకన్లు పడుతుంది కదా, అందులో ఈ పది ఎంత అని అడగవచ్చు. కాని ఆ 200 ప్రత్యర్థికీ దాదాపు అంతే. పరుగు పందెంలో సమానమైన ఇద్దరిలో ఒకరిని ఒక అడుగు వెనుక నిలబెట్టినట్లు, తెర చేసే ఆలస్యం ఒకరి ఖాతాలోనే అదనంగా చేరుతుంది. ‘కౌంటర్ స్ట్రైక్’ వంటి తుపాకి ఆటలలో మలుపు దాటి వచ్చినవాడిని ముందుగా ఎవరు చూస్తే వారిదే పైచేయి. చదరంగం వంటి నిదానపు ఆటలకు ఈ లెక్కలేవీ అక్కరలేదు.

బొమ్మ త్వరగా రావడం ఒక ఎత్తు, వచ్చిన బొమ్మ స్పష్టంగా ఉండటం మరొక ఎత్తు. ఎల్‌సీడీ తెరలోని ద్రవ స్ఫటికాలు విద్యుత్తు మారగానే ఒళ్ళు తిప్పుకొని వెలుగును అడ్డగిస్తాయి, లేదా పోనిస్తాయి. పదార్థం కదలాలంటే కాలం పడుతుంది. పాత బొమ్మ చెదరకముందే కొత్తది వస్తే కదిలే వస్తువు వెనుక నీడ సాగుతుంది. పెట్టెమీద ఘనంగా అచ్చువేసే ‘1 మిల్లీసెకను’ సాధారణంగా అత్యంత అనుకూలమైన పరిస్థితిలో కొలిచినది. ఆ వేగం కోసం స్ఫటికాలను మరీ తరిమితే నీడకు బదులు తెల్లని అంచు పుడుతుంది. వీఏ రకం తెరలలో నలుపు గాఢంగా ఉంటుంది గాని, చీకటి దృశ్యాలలో మరక సాగడం సాధారణం. ఐపీఎస్ రకం మధ్యేమార్గం. ఓలెడ్‌లో ప్రతి బిందువూ తానే వెలుగుతుంది కనుక మార్పు దాదాపు తక్షణమే జరుగుతుంది. అయితే కదలని గుర్తులను ఏళ్ళ తరబడి చూపితే వాటి ముద్ర తెరపై నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆలస్యం విషయంలో పాత గాజు పిక్చర్ ట్యూబుల ఘనత ఇంకా తరగలేదు: 2001 నాటి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ’ ఆటగాళ్ళు పోటీలకు ఆ బరువైన పెట్టెలనే మోసుకువెళ్ళడం అందుకే.

ఇక అసలు చిక్కు. చెరువులో నీరు లేనప్పుడు కాలువను ఎంత వెడల్పు చేసినా పొలం తడవదు. కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 90 బొమ్మలే గీయగలిగితే 360 హెర్ట్జ్ తెర అదే బొమ్మను పదేపదే చూపుతుంది. ఆట యంత్రాల సంగతి మరీ తేటతెల్లం. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ సెకనుకు 120 బొమ్మలను మించి పంపలేవు. అందుకు తగినట్లు తయారుచేసిన ఆటలలోనే ఆ మాత్రమైనా. వాటికోసం 240 హెర్ట్జ్ తెర కొనడం ఖర్చు తప్ప వేరేమీ కాదు. ఆ డబ్బుతో 4కె స్పష్టతను కొనుక్కోవడం మేలు. 4కె చిత్రాన్ని 120 హెర్ట్జ్ వేగంతో పంపడానికి హెచ్‌డీఎమ్‌ఐ 2.1 కావాలి. ఆ ముద్ర ఒక్కటే చాలదు. హెచ్‌డీఎమ్‌ఐ ద్వారా ‘4కె, 120 హెర్ట్జ్’ అని వివరాలలో స్పష్టంగా ఉన్నదో లేదో చూసుకోవాలి.

యంత్రం గీసే వేగం నిలకడగా ఉండదు కనుక, తెరే తన వేగాన్ని దానికి అనుగుణంగా మార్చుకునే ఏర్పాటు వచ్చింది. ఎన్‌విడియా 2013లో జీ-సింక్ పేరుతో దీనిని ప్రకటించింది. ఆపై ఏఎమ్‌డీవారి ఫ్రీసింక్ వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్రీసింక్ తెరను ఎక్స్‌బాక్స్ స్వీకరిస్తుంది. ప్లేస్టేషన్ 5 మాత్రం హెచ్‌డీఎమ్‌ఐ 2.1కు చెందిన పద్ధతినే అంగీకరిస్తుంది. పెట్టెమీద ‘ఫ్రీసింక్’ అని ఉంది కదా అని తెచ్చుకొని నిరాశపడినవారు తక్కువేమీ కాదు.

పరిమాణం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బల్లముందు కూర్చుని పోటీకి ఆడేవారికి 24 నుండి 27 అంగుళాలు చాలు. తల తిప్పకుండా నాలుగు మూలలూ కనిపించాలి. హాలులోని టీవీతోనే సరిపెట్టుకుంటే దానిలో ‘గేమ్ మోడ్’ను తప్పక ఎంచుకోవాలి. లేకుంటే చిత్రానికి మెరుగులు దిద్దే పనిలో టీవీ పదుల మిల్లీసెకన్లను మింగివేస్తుంది. హెర్ట్జ్‌ల లాభమంతా అక్కడే హరించుకుపోతుంది.

కొత్త మానిటరును తెచ్చి బిగించాక పని పూర్తయినట్లు కాదు. విండోస్ చాలాసార్లు దానిని 60 హెర్ట్జ్ వద్దనే నడుపుతుంది. నెలల తరబడి అలాగే ఆడుకుంటూ, ఖరీదైన తెర కొన్నామన్న తృప్తితో ఉన్నవారు ఉన్నారు. డిస్‌ప్లే సెట్టింగులలో అడ్వాన్స్‌డ్ భాగానికి వెళ్ళి అత్యధిక సంఖ్యను ఎంచుకోవాలి. ఆ సంఖ్య అక్కడ కనబడకపోతే ముందు కేబులును అనుమానించాలి. తరువాత మౌస్ బాణాన్ని తెరపై గుండ్రంగా తిప్పి చూస్తే, బాణాల నడుమ ఎడం తగ్గి గీత చిక్కబడినట్లు కంటికే తెలుస్తుంది.