కార్యాలయ సాఫ్ట్‌వేర్ నుంచి వెబ్ సర్వీసుల వినియోగం : ఎవరి పేరిట అన్నదే ముఖ్యం

(ప్రత్యేక వ్యాసం)

ఒక ఫైలు పరిష్కారానికి అవసరమైన సమాచారమంతా ఒకే శాఖ వద్ద ఉండటం అరుదు. విద్యార్థి ఉపకార వేతనం ఫైలునే తీసుకుంటే, హాజరు వివరాలు కళాశాల వద్ద, ఆదాయ ధ్రువీకరణ రెవెన్యూ శాఖ వద్ద, చెల్లింపుల వివరాలు ఖజానా వద్ద ఉంటాయి. పూర్వం వీటి కోసం లేఖలు రాసి సమాధానానికి ఎదురుచూసేవారు. కంప్యూటర్లు వచ్చాక మరో తెర తెరిచి, అందులోని అంకెలను చూసి ఫైలులో టైపు చేయడం అలవాటైంది. ఉద్యోగులు కలిసి పనిచేసే సాఫ్ట్‌వేరే అవతలి శాఖ సర్వరును నేరుగా అడిగి, సమాధానాన్ని తెచ్చి ఫైలులో ఉంచడం దీని తరువాతి మెట్టు. దీనినే వెబ్ సర్వీసు కాల్ అంటారు.

ఈ విధానానికి పునాది 2000 సంవత్సరంలో పడింది. మైక్రోసాఫ్ట్, ఐబీఎం తదితర సంస్థలు ఆ ఏడాది మే నెలలో 'సోప్' అనే ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియంకు సమర్పించాయి. ప్రశ్న, సమాధానం రెండూ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో సాగే ఈ ప్రమాణపు 1.2 రూపాంతరానికి 2003 జూన్‌లో కన్సార్టియం తుది ఆమోదం లభించింది. అయితే కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లు మొదట సమాధానం చెప్పడమే నేర్చాయి, అడగడం తరువాత నేర్చాయి. లోటస్ డామినో 2005లో వచ్చిన 7వ రూపాంతరంలో తన సమాచారాన్ని ఇతరులకు వెబ్ సర్వీసుగా ఇవ్వగలిగింది; ఇతరుల సర్వీసులను వాడుకునే సౌకర్యం 2007 నాటి 8వ రూపాంతరంలో చేరింది. షేర్‌పాయింట్‌లో వర్క్‌ఫ్లో నుంచి బయటి సర్వీసును అడగాలంటే చాలాకాలం ప్రోగ్రామర్ సహాయం తప్పనిసరి అయ్యేది. 2013 రూపాంతరంలో 'కాల్ హెచ్‌టీటీపీ వెబ్ సర్వీస్' అనే సిద్ధమైన చర్యను చేర్చడంతో ఆ అవసరం తగ్గింది. అప్పటికే సోప్ స్థానాన్ని తేలికైన జేసన్ రూపం చాలా చోట్ల ఆక్రమించింది.

కాల్‌కు వచ్చే సమాధానంలో మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 200 అంటే పని జరిగింది. 401 అంటే అడిగినవారి గుర్తింపును అవతలి సర్వరు అంగీకరించలేదు. 403 అంటే గుర్తించింది కానీ అనుమతి లేదు. 500 అంటే లోపం అవతలి సర్వరులో ఉంది. 'సర్వరు పనిచేయడం లేదు' అన్న ఒక్క మాటతో ఫిర్యాదు చేసే బదులు ఈ సంఖ్యను తెలియజేస్తే, బాధ్యత ఏ శాఖదో తేల్చడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది.

అసలు చిక్కు 401 వద్ద మొదలవుతుంది. ఉద్యోగి తన పాస్‌వర్డుతో కార్యాలయ సర్వరులోకి ప్రవేశిస్తారు. ఆ సర్వరు ఆయన తరఫున రెవెన్యూ సర్వరును అడగాలి. పాత ఎన్‌టీఎల్‌ఎమ్ పద్ధతిలో ఇది సాధ్యం కాదు. గేటు వద్ద గుర్తింపు కార్డు చూసి లోనికి పంపిన కాపలాదారు, ఆ కార్డు తనదేనని చెప్పి పక్క కార్యాలయంలోకి వెళ్లలేడు కదా. సాంకేతిక నిపుణులు 'డబుల్ హాప్' సమస్యగా పిలిచేది దీనినే. కెర్బెరోస్ పద్ధతిలో అధికార బదలాయింపును ఏర్పాటు చేస్తే ఇది పరిష్కారమవుతుంది. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆథ్ 2.0లోనూ వినియోగదారు అనుమతితో, ఆయన తరఫున అడిగే మార్గం ఉంది.

ఈ ఏర్పాట్లకు శ్రమ, సమయం కావాలి. అందువల్ల చాలా కార్యాలయాలు సులువైన దారిని ఎంచుకుంటాయి. ఒకే సర్వీసు ఖాతాను సృష్టించి, దానికి విస్తృత అనుమతులు ఇచ్చి, కాల్‌లన్నీ దాని పేరిటే పంపుతాయి. ఫైళ్లు వేగంగా కదులుతాయి, ఎవరికీ ఇబ్బంది కనిపించదు. ఒక కుటుంబం ఆదాయ వివరాలు బయటకు పొక్కి, వాటిని ఎవరు చూశారన్న ప్రశ్న తలెత్తినప్పుడే తేడా తెలుస్తుంది. రెవెన్యూ సర్వరు లాగ్‌లో ఉండేది ఆ ఖాతా పేరు ఒక్కటే. కార్యాలయ సర్వరు తనవైపు నమోదు చేసి ఉండకపోతే విచారణ అక్కడితో ఆగిపోతుంది; నిర్దోషులు కూడా అనుమానం నుంచి బయటపడలేరు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కింద 2025 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనలు లాగ్‌ల నిర్వహణను, వాటిని ఏడాదిపాటు భద్రపరచడాన్ని భద్రతా చర్యలలో చేర్చడం ఈ సందర్భంగా గమనార్హం. సర్వీసు ఖాతా తప్పనిసరైన చోట, ఏ ఉద్యోగి కోరికపై ఏ సమయంలో ఏ రికార్డు అడిగారో ప్రతి కాల్‌కూ నమోదు చేయడం కనీస జాగ్రత్త.

సమాచారం తెచ్చే కాల్‌కు, పని చేయించే కాల్‌కు మధ్య భేదం ఉంది. ఆదాయ వివరాన్ని రెండుసార్లు అడిగినా నష్టం లేదు. ఖజానాకు చెల్లింపు ఆదేశం రెండుసార్లు వెళితే ఒకే విద్యార్థికి రెండుసార్లు సొమ్ము జమ కావచ్చు. గడువులోగా సమాధానం రాకపోవడమంటే పని జరగలేదని అర్థం కాదు. పని పూర్తయి, సమాధానం మాత్రమే దారిలో ఆగి ఉండవచ్చు. అందుకే ప్రతి ఆదేశానికీ ప్రత్యేక సంఖ్య జతచేసి, అదే సంఖ్య మళ్లీ వస్తే అవతలి సర్వరు తిరస్కరించే విధంగా రెండు శాఖలూ ముందే అంగీకారానికి రావాలి.

టీమ్స్, స్లాక్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో బయటి నుంచి సందేశాలను స్వీకరించే వెబ్‌హుక్ చిరునామాల విషయం వేరు. సాధారణంగా అక్కడ చిరునామాయే తాళం చెవి. అది తెలిసిన ఎవరైనా శాఖ పేరిట సందేశం పెట్టగలరు కనుక, దానిని సర్క్యులర్‌లో ముద్రించడం తగదు.

మన దేశంలో ప్రభుత్వ సంస్థల మధ్య ఇటువంటి అనుసంధానానికి కేంద్రం 2015లో ఓపెన్ ఏపీఐ విధానాన్ని ప్రకటించింది. శాఖలు తమ సర్వీసులను ప్రచురించేందుకు ఏపీఐ సేతు వేదిక ఉంది. సర్వీసు అందించే శాఖ తన చిరునామానో, సమాధాన రూపాన్నో మార్చదలిస్తే వినియోగించే శాఖలకు ఎంత ముందుగా తెలియజేయాలన్నది ఒప్పందంలోనే ఉండాలి. ఇదే జాగ్రత్త సాఫ్ట్‌వేర్ సరఫరాదారు విషయంలోనూ అవసరం. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో 2010 తరహా వర్క్‌ఫ్లోలను నిలిపివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ 2020 జులైలో తెలిపింది. అప్పటికే వాడుతున్న సంస్థలకు అదే ఏడాది నవంబరు 1న గడువు ముగిసింది. వాటి తరువాత వచ్చిన 2013 తరహా వర్క్‌ఫ్లోలకు, అంటే వెబ్ సర్వీసు కాల్ చర్య తొలిసారి చేరిన వాటికి, 2026 ఏప్రిల్ 2ను ఆఖరు తేదీగా 2023లోనే ప్రకటించింది. మొదటి సందర్భంలో దొరికిన వ్యవధి నాలుగు నెలల లోపు.