పాలు కక్కే పసివానికి తొలి ముద్ద

“బిడ్డ పాలు కక్కుతున్నాడు, జావ పడితే నిలుస్తుందా?” అని పులికాట్ తీరపు తల్లులు నాల్గవ నెలలోనే నన్ను అడుగుతుంటారు. తొందర వద్దు. సుశ్రుతుడు లఘువు, హితమూ అయిన అన్నాన్ని ఆరవ మాసంలో విధించాడు. నేటి శిశువైద్యులు ఆరు నెలలు నిండనివ్వమంటారు. లఘువంటే సులభంగా జీర్ణమయ్యేదని అర్థం, నీళ్ల జావ కాదు. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, చిదిమి, చెంచా నుండి జారిపోనంత చిక్కగా రెండు మూడు చెంచాలు పెట్టండి. తల్లిపాలు మానవద్దు. కూర్చోబెట్టి తినిపించి, అరగంటసేపు నిటారుగా ఎత్తుకోండి. ఏడాది నిండేవరకు తేనె నాకించరాదు. బరువు పెరుగుతున్న బిడ్డకు ఈ కక్కు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరకు తగ్గుతుంది. ఆకుపచ్చని వాంతి, నెత్తురు, బరువు తగ్గడం కనిపిస్తే గృహవైద్యం తగదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.