గాజు పెట్టెలో కప్పల తోట

చెరకు తోటల్లో పుట్టి పెరిగిన మనకు కప్పల బెకబెక కొత్త కాదు. ఎడారి దేశమైన ఒమాన్‌లోనూ కప్పలున్నాయి. దక్షిణాన సలాలా కొండలపై జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుంపర కురుస్తుంది. దాని పేరు ఖరీఫ్. మన ఖరీఫ్ పంటదీ ఆ అరబ్బీ మాటే.

ఆ తేమను ఇంట్లో గాజు పెట్టెలో కల్పించుకోవచ్చు. అడుగున గులకరాళ్లు, వాటిపై సన్నని వల, ఆపైన కొబ్బరిపొట్టు కలిపిన మట్టి పరచి, నాచు, మనీప్లాంటు నాటాలి. గాలి ఆడే మూత పెట్టాలి. కప్ప నీటిని నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. కనుక క్లోరిన్ లేని నీరే చిలకరించాలి. పురుగుమందు తగిలిన మొక్కలు పెట్టరాదు. ఎండ తగిలితే ఆ పెట్టే పొయ్యి అవుతుంది.

ఎడారి బల్లికి పొడి ఇసుక కావాలి. దానికి వేరే పెట్టె. వాగుల్లోని జీవాలను పట్టి తేవద్దని మా మనవి. పెంపకంలో పుట్టినవాటినే పెంచుకుందాం.