ఒకే కుళాయి, మూడు కంప్యూటర్లు



రాత్రి పూట పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని "లాగ్ అవుతోంది, లాగ్ అవుతోంది" అని కేకలు పెట్టే యిళ్ళు యీ రోజుల్లో చాలానే వున్నాయి. మా యిల్లూ వాటిలో ఒకటి. మాకు ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే, కంప్యూటర్లు మాత్రం మూడు. అబ్బాయిదొకటి, అమ్మాయిదొకటి, మా వారి ఆఫీసుదొకటి. పిల్లలిద్దరూ స్నేహితులతో జట్టు కట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడతారు. తొమ్మిదయ్యేసరికి మావాడి ఆట ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. "చెల్లి కూడా ఆడుతోందమ్మా, అందుకే" అనేవాడు. నేను వెనకా ముందూ చూడకుండా "కాస్త సర్దుకుపోవే తల్లీ, అన్నయ్య ఆడాక ఆడుకుందువుగాని" అన్నాను. పది రోజులు అది కంప్యూటరు ముట్టుకోలేదు. అయినా ఆట బాగుపడలేదు. మా వారేమో నెలకు మరో మూడు వందలు పోసి పెద్ద ప్లాను తీసుకుందామన్నారు. అప్పుడు, అసలు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

ముందుగా, ఒక్క కనెక్షన్‌ను ముగ్గురు ఎలా పంచుకుంటారో చెబుతాను. కంపెనీవాళ్ళు గోడకు బిగించి వెళ్ళే పెట్టెను రౌటర్ అంటాం కదా, అది అపార్ట్‌మెంటు వాచ్‌మన్ లాంటిది. బయటివాళ్ళకు తెలిసింది మన బిల్డింగు చిరునామా ఒక్కటే. లోపల ఒక్కొక్క కంప్యూటరుకూ రౌటరే ఒక్కొక్క ఫ్లాటు నెంబరు యిస్తుంది. ఎవరు ఏ వుత్తరం పంపారో రాసుకుని, జవాబు రాగానే వాళ్ళకే అందజేస్తుంది. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే. అవి చాలవన్న భయంతో 1994 ప్రాంతంలో యీ ఏర్పాటు మొదలైంది. కాబట్టి పిల్లలు ఇద్దరైనా ముగ్గురైనా రెండో కనెక్షన్ తీసుకోవలసిన పని లేదు.

మరి ఆట ఎందుకు ఆగుతుంది? పిల్లల నోట "పింగ్" అనే మాట వినే వుంటారు. మన కంప్యూటరు నుంచి కబురు ఆట నడిపే సర్వరుకు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే కాలమే పింగ్. దాన్ని సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. యీ అంకె మన షుగరు లాంటిదనుకోండి, రెండొందలు దాటితే కంగారే! మా పిల్లలాడే వాలొరెంట్ ఆటకు ముంబైలో సర్వర్లున్నాయి. అక్కడికి మా యింటి నుంచి పింగ్ 30 లోపే వుంటుంది. అదే సింగపూర్ సర్వరు ఎంచుకుంటే దూరం కొద్దీ పెరుగుతుంది.

చిత్రమేమిటంటే, ఆటకు కావలసిన డేటా చాలా కొంచెం. చాలా ఆటలకు గంటకు ఒకటి రెండు వందల ఎంబీ చాలు. మంచి స్పష్టతతో సినిమా చూస్తే గంటకు రెండు మూడు జీబీ అవుతుంది. ఆట కొత్త అప్‌డేట్ దింపుకోవడానికైతే ఒక్కోసారి పదుల జీబీలు కావాలి.

మునిసిపల్ కుళాయి దగ్గర నిలబడ్డ రోజులు గుర్తున్నాయా? మనకు కావలసింది చెంబెడు నీళ్ళే. కానీ ముందున్నావిడ డ్రమ్ము పెట్టుకుని కూర్చుంటే మన గతేమిటి? ఆట చెంబు లాంటిది. సినిమాలు, అప్‌డేట్లు, ఫోటోలు పంపడం డ్రములు. పెద్ద ప్లాను తీసుకుంటే కుళాయి ధార పెరుగుతుంది. నిజమే, కానీ డ్రమ్మావిడ ముందే వుంటే చెంబుకు అప్పుడూ ఎదురుచూపే.

ఇక చేయవలసినవి చెబుతాను, రాసుకోండి.

మొదటిది వైరు. వై-ఫైలో అందరూ ఒకే గాలిలో వంతులవారీగా మాట్లాడాలి. మధ్యలో గోడలు, ఫ్రిజ్, బీరువా అడ్డం. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై అయితే మన మైక్రోవేవ్ ఓవెన్ కూడా చెడగొడుతుంది. రౌటరు వెనక లాన్ అని రాసి వున్న కన్నాల్లోంచి ఆట కంప్యూటర్లకు వైరు లాగితే యీ గొడవ లేదు. వంద మీటర్ల దాకా యిబ్బంది వుండదు. కన్నాలు చాలకపోతే స్విచ్ అనే చిన్న పెట్టె కొనుక్కోవచ్చు. వైరు కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వై-ఫై పెట్టుకుని, రౌటరును బీరువా వెనక నుంచి తీసి నడిమింట్లో ఎత్తుగా వుంచండి.

రెండోది పరీక్ష. అన్నీ ఆపేసి ఒక్కరే ఆడి పింగ్ చూడాలి. తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేస్తూ, ఎక్కడ అంకె ఎగిరిందో కాగితం మీద రాయాలి. మేం ఒక ఆదివారం అదే చేశాం. అబ్బాయి ఒక్కడే ఆడితే 28. అమ్మాయి కూడా ఆడితే 30. మా వారి ల్యాప్‌టాప్ పెట్టినా పెద్ద తేడా లేదు. చివరకు నా ఫోను వై-ఫై ఆన్ చేశాం. 190!

మా ఆడపడుచు కూతురి పెళ్ళి వీడియోలన్నీ నా ఫోను రోజూ రాత్రి తొమ్మిదింటికి, నేను ఛార్జింగులో పెట్టగానే, తనంతట తాను ఇంటర్నెట్‌లో దాచుకుంటోందిట. డ్రమ్ము పెట్టింది నేనన్నమాట!

మూడోది వంతులు. ఫోన్లలో ఫోటోల బ్యాకప్, కంప్యూటర్లలో అప్‌డేట్లు పిల్లలు పడుకున్నాక సాగేలా పెట్టుకోండి. చాలా రౌటర్లలో క్యూ.ఓ.ఎస్. అనే సదుపాయం వుంటుంది. ఆట కంప్యూటర్లను అందులో ముందు పెడితే, రౌటరే "చెంబువాళ్ళు ముందు రండి" అంటుంది. ఎలా పెట్టాలో మీ పిల్లలకే తెలిసి వుంటుంది.

మాకు అయిన ఖర్చు వైరుకే. పెద్ద ప్లాను మాట మళ్ళీ రాలేదు.

ఆ రాత్రి అమ్మాయి దగ్గరకు వెళ్ళి "తప్పు నాదేనే" అన్నాను. "అడ్డమెవరో చూడకుండానే నన్ను లేవమన్నావు కదమ్మా" అంది. నిజమే. సర్దుకొమ్మని చెప్పవలసి వస్తే మన నోరు ముందు ఆడపిల్ల వైపే ఎందుకు తిరుగుతుందో మరి! పింగ్ కొలిచినట్టు దాన్నీ అప్పుడప్పుడు కొలుచుకోవడం మంచిది.

సెలవు.