నడక తడబడుతోందా? కొలిచి చెప్పే పరికరాలు వచ్చాయి!

మీ ఇంట్లో అత్తగారో, మామగారో ఈమధ్య కాళ్ళు ఈడ్చి నడుస్తున్నారా? నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకుండా ఒంటికి అంటుకుని ఉంటోందా? గడప దగ్గరకొచ్చి, కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నారా? "పెద్దతనం కదా!" అని ఊరుకోకండి. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఇలా మొదలవ్వచ్చు. మనవాళ్ళు దీన్ని వణుకుడు జబ్బు అంటారు గానీ, కొందరికి వణుకు అసలుండదు. నడకే మారుతుంది. 1817లో ఇంగ్లండు డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడే, ముందుకు వంగి పరుగులాంటి నడక నడవడం గురించి కూడా రాశారు.

డాక్టరు ముందు ఒకటి, ఇంట్లో ఒకటి

చిక్కేమిటంటే, డాక్టరుగారు "నాలుగడుగులు వెయ్యండి" అనగానే పెద్దవాళ్ళు ఓపిక కూడదీసుకుని చక్కగా నడిచేస్తారు. ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే! పైగా లెవోడోపా మాత్ర పనిచేసే వేళ ఒక నడక, దాని పట్టు వదిలిన వేళ ఇంకో నడక. పది నిమిషాల్లో ఆయనకు ఇదంతా ఎలా కనిపిస్తుంది? ఆ లోటు తీర్చడానికే ఒంటికి కట్టుకునే సెన్సార్లు వచ్చాయి.

ఎలా పనిచేస్తాయి?

చిన్న అగ్గిపెట్టెంత ఉంటాయి. బెల్టుతో నడుము వెనక, చీలమండల దగ్గర, ఒక్కోసారి మణికట్టుకు కడతారు. సూది గుచ్చడం లాంటిదేమీ లేదు. మన సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది చూశారూ, ఆ పని చేసే యాక్సెలరోమీటర్, గైరోస్కోప్‌లే ఇందులోనూ ఉంటాయి. అడుగు ఎంత వేగంగా పడుతోంది, కుడికీ ఎడమకీ తేడా ఎంత, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు కావాలి, నిలబడితే ఒళ్ళు ఎంత తూలుతోంది అన్నీ లెక్క కడతాయి. ఏ వేళ నడక మందగిస్తోందో తెలిస్తే, మాత్ర వేళలు మార్చడం డాక్టరుకు తేలికవుతుంది. పక్షవాతం నుంచి కోలుకునేవాళ్ళకూ, చిన్నమెదడు దెబ్బతిని తూలేవాళ్ళకూ కూడా ఇవి పనికొస్తాయి.

డుషేన్ అని మగపిల్లలకు వచ్చే కండరాల జబ్బు ఒకటుంది. దానికి కొత్త మందు గుణమిస్తోందో లేదో తేల్చడానికి, ఇలా సెన్సారుతో కొలిచిన నడక వేగాన్ని ముఖ్య కొలతగా తీసుకోవచ్చని యూరప్ మందుల సంస్థ 2023లో ఒప్పుకుంది.

అలాగని చేతి వాచీలో కనిపించే అడుగుల లెక్క నమ్మేసుకోకండి. కాళ్ళు ఈడ్చి మెల్లగా నడిచేవాళ్ళ అడుగులు అది చాలావరకు వదిలేస్తుంది. ఇక ఏ సెన్సారైనా కొలుస్తుందే గానీ జబ్బు నయం చెయ్యదు.

ఇంట్లో మనం చెయ్యగలిగింది

* కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు (సుమారు పదడుగులు) నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందని గుర్తు. ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కనే ఉండాలి సుమా!

* ఒక నోటుపుస్తకంలో మాత్ర వేసుకున్న టైము, నడక మందగించిన టైము, ఎక్కడ ఆగిపోయారు, ఎప్పుడు తూలారు రాసిపెట్టండి.

* కాళ్ళు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి. ఒక్క క్షణం ఆగి, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ పెద్ద అడుగు వెయ్యమనండి. ఆగిపోయే చోట నేలమీద అడ్డంగా రంగు టేపు గీతల్లా అంటిస్తే, వాటిని దాటుతూ నడవడం చాలామందికి తేలికవుతుంది.

* నడుస్తున్నప్పుడు మాటల్లో పెట్టకండి, చేతికి కాఫీ గ్లాసు ఇవ్వకండి. రెండు పనులు ఒకేసారంటే తూలతారు.

* జారే పట్టాలు తీసెయ్యండి. రాత్రిపూట బాత్‌రూమ్ దారిలో లైటు ఉంచండి.

సెన్సార్లు అన్ని ఊళ్ళ ఆసుపత్రుల్లో దొరకవు. రోజంతా వాళ్ళ నడక చూసేది మనమే కదా! ఈసారి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ నోటుపుస్తకం కూడా సంచీలో పెట్టుకోండి. నడక కొలిచే సదుపాయం ఎక్కడుందో కూడా ఆయన్నే అడగండి. తుంటి ఎముక విరిగాక పడే అవస్థకంటే, పడకముందే జాగ్రత్తపడటం మేలు.